బెల్టు ఒక్కటే మారిస్తే చాలదు: డ్రైవ్ బెల్టు, టెన్షనర్ సెట్టు చాలాకాలం వాడాక

లక్షన్నర కిలోమీటర్లు దాటిన పెట్రోలు కారులో డ్రైవ్ బెల్టు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్, దాని దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీ మూడూ ఒకేసారి కొత్తవి వేసి, ఆ సెట్టుతోనే రెండు లక్షలు దాటేదాకా నడిపాక రాస్తున్న సమీక్ష ఇది. తీర్పు ముందే చెప్పేస్తే, డబ్బు పెట్టాల్సింది టెన్షనర్ మీద. బెల్టు పేరున్న కంపెనీది ఏదైనా బాగానే పనిచేస్తుంది. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, కొన్ని బండ్లలో వాటర్ పంపు, పవర్ స్టీరింగ్ పంపు తిప్పే బయటి బెల్టు గురించే ఇదంతా. టైమింగ్ బెల్టు వేరు, దాని లెక్క వేరు.

పాత నియోప్రీన్ బెల్టు పగుళ్లు చూపించి తన సంగతి తానే చెప్పేది. ఇప్పుడొచ్చే ఈపీడీఎం రబ్బరు బెల్టు లక్ష దాటినా పగలకపోవచ్చు. అది టైరులా అరుగుతుంది. రిబ్బుల (బెల్టు లోపలివైపు పొడవునా ఉండే గట్ల) పక్కల రబ్బరు పోయి గాడి వెడల్పవుతుంది, బెల్టు పుల్లీలోకి మరీ లోతుగా దిగుతుంది. రిబ్బు పక్కలు పట్టుకోవాల్సింది పోయి, పుల్లీ గట్టు కొన బెల్టు గాడి అడుగును తాకుతుంది. దాంతో పట్టు తగ్గి, నీళ్లు పడితే జారుతుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది కాబట్టి కంటి అంచనాను నమ్మొద్దు. గాడిలో పెట్టి చూసే చిన్న ప్లాస్టిక్ గేజి దొరుకుతుంది. అది గాడిలో అటూ ఇటూ కదిలినా, రిబ్బుల పైమట్టానికి సమానంగా దిగిపోయినా బెల్టు పని అయిపోయినట్టే.

ఇక టెన్షనర్. దీనిలో పుల్లీ బేరింగు, ఆ పుల్లీని మోసే చేయి తిరిగే బుష్, లోపల స్ప్రింగు ఊపును ఆపే డాంపర్ ప్యాడ్ అరుగుతాయి. బేరింగు గోల చేస్తుంది గనుక తెలిసిపోతుంది. మిగతా రెండూ చప్పుడు లేకుండా చెడతాయి, బెల్టును తినేసేవి కూడా అవే. ఇంజను ఐడిల్‌లో ఉంచి ఏసీ వేసి, ఆపి, టెన్షనర్ చేయిని గమనించండి. సన్నగా అదిరితే ఫరవాలేదు. కంటికి స్పష్టంగా ఊగుతోందంటే డాంపర్ పోయి ఉండాలి, లేదా ఆల్టర్నేటర్ పుల్లీలోని, ఒకవైపే పట్టాల్సిన క్లచ్ రెండువైపులా పట్టేసి ఉండాలి. ఇంజను ఆపి, బెల్టు తీశాక, పానాతో చేయిని ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పండి. ఎక్కడా పట్టినట్టు, జారినట్టు ఉండకూడదు. బుష్ అరిగితే పుల్లీ ఒక పక్కకు ఒరుగుతుంది. బెల్టు అంచున దారాలు లేస్తున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కొత్త బెల్టు వేసిన కొద్దికాలానికే మళ్లీ కీచుమంటోందని చాలామంది బెల్టునే తిడతారు. బానెట్ తీసి ఇంజను నడుస్తుండగా రిబ్బుల వైపు కాస్త నీళ్లు చిలకరిస్తే విషయం బయటపడుతుంది. చప్పుడు పెరిగితే బెల్టు జారుతోంది, అంటే టెన్షన్ చాలదు. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే ఏదో పుల్లీ వరసలో లేదు. చప్పుడు తగ్గడానికి అమ్మే స్ప్రేలు మాత్రం వద్దు. అవి రబ్బరుకు జిగట పట్టించి దుమ్మును పోగేస్తాయి.

పార్టులు తెచ్చేముందు పాత బెల్టు మీది నంబరు చదవండి. 6పీకే1200 అంటే 6 రిబ్బులు, 1200 మి.మీ. పొడవు. దగ్గరగా ఉంది కదా అని పొట్టిదో పొడుగుదో వేస్తే టెన్షనర్ చేయి తన పరిధిలో ఒక చివరవైపు జరిగి, ఆ మేరకు సర్దుబాటు తగ్గుతుంది. ఆయిలో కూలెంటో కారి బెల్టు మీద పడుతుంటే ముందు ఆ లీకు ఆపాలి, లేకపోతే కొత్త రబ్బరూ పాడవుతుంది.

పని కష్టమేమీ కాదు, చోటు ఇరుకంతే. బ్యాటరీ నెగటివ్ తీసి, బెల్టు దారిని ఫోటో తీసుకోండి. చాలా టెన్షనర్లకు 15 లేదా 16 మి.మీ. తల గానీ, రాచెట్ నేరుగా దిగే చదరపు రంధ్రం గానీ ఉంటుంది. నిదానంగా తిప్పి, లాకు రంధ్రం ఉంటే అందులో ఎలెన్ కీ పెట్టి ఆపాలి. టెన్షనర్ చేయిని చటుక్కున వదిలేస్తే స్ప్రింగు విసురుకు వేళ్లు నలుగుతాయి. బెల్టు ఊడాక ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పండి. మంచి బేరింగు గ్రీజు బరువుకు త్వరగా ఆగుతుంది. ఎండిపోయింది గరగరమంటూ చాలాసేపు తిరుగుతుంది. ఇంజను షాఫ్టు మీద ఉండి బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీ రెండు ముక్కల మధ్య రబ్బరు ఉబ్బిందా, చీలిందా చూడండి. దీన్ని వదిలేసి మిగతావన్నీ మార్చినా బెల్టు ఊడిపడుతుంది.

టెన్షనర్ బిగించేటప్పుడు వెనకవైపు పిన్ను ఇంజను మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకుండా బోల్టు బిగిస్తే పుల్లీ వంకరగా నిలుస్తుంది, లేదా ఆ పిన్నే విరుగుతుంది. కొన్ని పుల్లీ బోల్టులకు మర ఎడమవైపు ఉంటుంది, అంటే మామూలుకు తిరగేసి తిప్పితేనే ఊడుతుంది. విప్పడం లేదని బలం పెట్టేముందు ఆ సంగతి చూసుకోండి. టార్క్ (బిగింపు బలం) మాన్యువల్‌లో చూసే బిగించాలి, అంచనా పనికిరాదు. పుల్లీ గాళ్లు బ్రష్‌తో శుభ్రం చేసి, బెల్టును చివరగా గాళ్లు లేని నున్నటి ఐడ్లర్ మీదికి ఎక్కిస్తే సులువు. ప్రతి రిబ్బూ తన గాడిలో ఉందా అని వేలితో తడిమి, స్టార్ట్ చేసేముందు క్రాంకును పానాతో రెండు చుట్లు తిప్పండి. ఒక్క రిబ్బు బయటున్నా బెల్టు నిమిషాల్లో చీలుతుంది. చీలిన దారాలు క్రాంక్ పుల్లీ వెనక చుట్టుకుని ఆయిల్ సీలును పాడుచేసే ప్రమాదమూ ఉంది.

ఆల్టర్నేటర్‌కు క్లచ్ పుల్లీ ఉన్న బండ్లలో దాన్నీ పరీక్షించాల్సిందే. రోటర్ కదలకుండా పట్టుకుని తిప్పితే పుల్లీ ఒకవైపు వదలాలి, రెండోవైపు పట్టాలి. రెండువైపులా పట్టేస్తే కొత్త టెన్షనర్ డాంపర్ కూడా త్వరగా అరుగుతుంది. దీన్ని విప్పడానికి 33 పళ్ల సాకెట్ ఎక్కువగా వాడతారు. తీసిన ప్లాస్టిక్ మూత మళ్లీ తప్పక పెట్టాలి.

ఇంత వాడకంలో మంచి తయారీదారు టెన్షనర్ మీద చేయి ఎంత జరిగిందో చూపే సూచిక గీత ఇప్పటికీ పరిధిలోనే ఉంది, చేయి ఊగడం లేదు. అంతకుముందు వేసిన చవక రకానిది బేరింగు బాగున్నా డాంపర్ ముందే వదిలేసింది. ఈ సెట్టులో లోపమంటే, ప్లాస్టిక్ ఐడ్లర్ పుల్లీ ఉపరితలం కాస్త గాడిపడింది, ఇనుపదయితే ఇంకా నిలిచేది. టెన్షనర్ లేని, సాగే బెల్టున్న కార్లకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ పాత బెల్టు కోసి తీయాలి, కొత్తది ఎక్కించే పనిముట్టుతోనే ఎక్కించాలి. ఒకసారి ఊడదీసిన సాగే బెల్టును తిరిగి వేయకూడదు.