కోరంగి వెళ్లేముందు పోటు ఎప్పుడో అడగండి

కాకినాడ నుంచి కోరంగి మడ అడవికి ఆటో రానుపోను 800 తీసుకున్నాడు. దానికి బాధ లేదు. బాధంతా పడవ దగ్గరే. డబ్బు కట్టి ఎక్కాక రెండు మలుపులు తిరిగేసరికి అడుగు బురదకు రాసుకుంది, పడవవాడు వెనక్కి తిప్పేశాడు. "పాటు కదండీ, నీళ్లు తీసేశాయి" అన్నాడు తాపీగా. డబ్బు తీసుకునేటప్పుడు ఆ ముక్క అనలేదు. పిల్లలు మొహాలు ముడుచుకున్నారు.

ఇక్కడ రోజుకు రెండు పోట్లు (నీళ్లు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్లు తీయడం). పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న వెళ్లొచ్చినవాళ్ల టైము ఇవాళ సరిగ్గా కుదరదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు బాగా ఎక్కుతాయి, అంతే బాగా తీస్తాయి. ముందురోజే జాలరులను అడిగి, పోటుకు గంట ముందు రేవులో ఉండండి. రేటు మనిషికా, పడవకా, ఎంతసేపు అన్నది ఎక్కకముందే తేల్చుకోండి.

పాటులో చూడాల్సింది చెక్క వంతెన మీంచి. తెల్లమడ చెట్టు చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచినవి దాని వేళ్లే. బురదలో గాలి ఆడదు, అందుకని పైకి వచ్చి పీలుస్తాయి. వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న పీతలు, బురద మీద గెంతే చిన్న చేపలు. కదలకుండా ఐదు నిమిషాలు నిలబడితేనే బొరియల్లోంచి బయటికొస్తాయి. తిల్ల చెట్టు కొమ్మ విరవనివ్వకండి, పాలు కంట్లో పడితే ప్రమాదం. 1978 నుంచి అభయారణ్యం ఇది. నీటిపిల్లి (చేపలు పట్టే అడవి పిల్లి) కోసం మాత్రం వెళ్లకండి, అది రాత్రి తిరిగే జంతువు.

హోప్ ఐలాండ్ వేరే సంగతి, దానికి కాకినాడ వైపు నుంచి పడవ. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన పొడవాటి దిబ్బ అది. సముద్రం దెబ్బ తాను కాస్తుంది కనుకే లోపల అఖాతం చెరువులా ఉంటుంది. నీడ తక్కువ, తాగునీళ్లు, టోపీ మీరే పట్టుకెళ్లాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, గుంతలు తొక్కకండి.

కాకినాడలో బసకు, భోజనానికి లోటు లేదు. సాయంత్రం ఉప్పాడ వెళ్తే రోడ్డు మీంచి చూసి రండి. అక్కడ ఒడ్డు కోసుకుపోతోంది, అలల్లో రాళ్లున్నాయి, స్నానానికి పనికిరాదు.