మూడేళ్లు వాడాక: కొత్తవాళ్లకిచ్చే ఆ ఒక్క పేజీ గురించి

అఫిలియేట్ మార్కెటింగ్‌లోకి, అంటే వేరేవాళ్ల వస్తువుకు మన లింకు పెట్టి, దాని ద్వారా ఎవరైనా కొంటే కమీషన్ తీసుకునే పనిలోకి, కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రెండు వారాలూ ఒక్క పేజీ మాత్రమే ఇవ్వడం మా టీమ్‌లో మొదలుపెట్టి మూడేళ్లయింది. అంతకుముందు ఇచ్చేది ఒక ఫోల్డర్. 30 వీడియోలు, బోలెడు పీడీఎఫ్‌లు, ఎప్పటివో మీటింగ్ రికార్డింగులు. దాన్ని తయారుచేసింది నేనే కాబట్టి ధైర్యంగా తిట్టుకోవచ్చు.

ఆ ఫోల్డర్ సంగతి ఒక అమ్మాయి వల్ల తెలిసొచ్చింది. చేరి పన్నెండు రోజులైంది, నోట్సు పుస్తకం సగం నింపేసింది. "నువ్వు చేసిన లింకు ఒకటి చూపించమ్మా" అన్నాను. "ఎస్ఈఓ వీడియోలు ఇంకా అవ్వలేదండీ, అవయ్యాక చేద్దామని..." అంది. గూగుల్ వెతుకులాటలో మన పేజీ పైకి కనబడేలా చేయడమే ఎస్ఈఓ. తప్పు తనది కాదు. ముప్పై వీడియోలు ముందు పోస్తే, అవన్నీ చూశాకే పని అనుకోరూ మరి?

ఇప్పటి పేజీలో రోజుకో పని, దాని కింద నాలుగు వరుసలు. అంతకు మించనివ్వను. మనిషి ఒకేసారి గుర్తుపెట్టుకోగలిగేవి ఏడు, అటూ ఇటూ అని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. 2001లో నెల్సన్ కోవన్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని నాలుగు దాకా దించాడు. నేను చూసినంతలో కోవనే కరెక్టు. మొదటి రోజు పని: ఒక వస్తువు ఎంచుకుని లింకు చేసి, ఫోన్లో ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి తెరిచి చూడటం. అంతే.

బాగా పనిచేసింది ఏంటంటే, ఏ సంగతైనా దాని అవసరం వచ్చినరోజే చెప్పడం. కుకీ (మన లింకు నొక్కి వచ్చారని బ్రౌజర్లో ఉండిపోయే చిన్న గుర్తు) గురించి మొదట్లో గంట క్లాసు పీకేవాణ్ణి, ఒక్కరికీ గుర్తుండేది కాదు. ఇప్పుడు వాళ్లే వచ్చి "క్లిక్కులు పడ్డాయి, కమీషన్ రాలేదేంటండీ?" అని అడిగేదాకా ఆగుతాను. అమెజాన్‌లో కుకీ 24 గంటలే ఉంటుందని, ఆలోపు కార్ట్‌లో వేస్తే మామూలుగా 90 రోజుల దాకా లెక్కలోకి వస్తుందని అప్పుడు చెబితే మళ్లీ చెప్పాల్సిన పనిలేదు. అమెజాన్‌లో కొత్త అఫిలియేట్ ఖాతాకు 180 రోజుల్లో మూడు అమ్మకాలు రావాలన్న రూల్ ఒకటి ఉంది, అది వినగానే టెన్షన్ పడిపోతారు. అందుకే మొదట్లో సొంత ఖాతా తెరవనివ్వను. మా ఖాతాలోనే ఒక్కొక్కరికీ వేరే ట్రాకింగ్ ఐడీ, అంటే ఏ అమ్మకం ఎవరి లింకు వల్ల వచ్చిందో తెలిపే గుర్తు, ఇస్తాను.

రెండు విషయాలు మాత్రం తర్వాత చెప్పొచ్చులే అని ఆపకూడదు. లింకు పక్కనే "దీనిమీద నాకు కమీషన్ వస్తుంది" అని రాయడం, సొంత లింకుతో సొంతానికి కొనకపోవడం. వీటిని కూడా రెండో వారానికి నెట్టి ఒకసారి దెబ్బతిన్నాను. ఉత్సాహవంతుడైన కుర్రాడొకడు ఆ మాట రాయకుండా పదకొండు పోస్టులు పెట్టేశాడు. అన్నీ తీసి మళ్లీ పెట్టాల్సొచ్చింది.

లోపాలూ ఉన్నాయి. ఇదివరకే పనిచేసినవాళ్లకు ఈ పేజీ విసుగు, వాళ్లకు ఇవ్వడం మానేశాను. పేజీ పాతబడిపోతుంది కూడా. ఒకసారి చూస్తే, ఎప్పుడో మారిపోయిన కమీషన్ రేటు అలాగే ఉంది. అసలు చిక్కు వాట్సాప్ గ్రూపుతో వచ్చింది. ఇటు నేను ఒక్క పేజీ చేతిలో పెడుతుంటే, అటు సీనియర్లు రాత్రి పదకొండింటికి "ఇదొకసారి చూడండి" అంటూ లింకులు గుమ్మరించేవాళ్లు. వాళ్లలో నేనూ ఉన్నానని గమనించడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు రెండు వారాల దాకా కొత్తవాళ్లను ఆ గ్రూపులో చేర్చడం లేదు. తమను దూరం పెట్టారని ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు, దానికి మందు ఇంకా దొరకలేదు.

నోట్సు నింపిన ఆ అమ్మాయే ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పుతోంది. పోయిన నెల నా పేజీలోంచి రెండు వరుసలు కొట్టేసింది. నాకు కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజమే. కానీ ఆ రెండు వరుసల గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.