జిప్సీ క్రాంక్ గ్రైండింగ్, బ్యాలెన్సింగ్: నాలుగేళ్లు నడిపాక

మా మారుతి జిప్సీ జీపుది 1,298 సీసీ పెట్రోల్ ఇంజిన్. గాజువాక ఆటోనగర్‌లో దాని క్రాంక్ (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే షాఫ్ట్) గ్రైండ్ చేయించి, అంటే అరిగిన భాగాలను సాన రాయితో సరిచేయించి, దాని చివర బిగించే బరువైన చక్రం ఫ్లైవీల్‌తో కలిపి బ్యాలెన్స్ చేయించి (బరువు అన్ని వైపులా సమానంగా ఉండేలా సరిచేయించి) నాలుగేళ్లయింది. 38,000 కిలోమీటర్లు తిరిగింది. అరకు ఘాట్ ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కే లేదు. బ్యాలెన్సింగ్ రేసు బళ్లకే కదా అనేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటిసారి నేనూ అలాగే అనుకుని, వేరే షాపులో గ్రైండింగ్ ఒక్కటే చేయించాను. భీమిలి రోడ్డులో 80 దాటితే గేర్ రాడ్ చేతిలో జలదరించేది. అద్దంలో వెనక లారీ రెండుగా కనిపించేది. ఇంజిన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ లైటు మినుకుమనేది. 11,000 కిలోమీటర్లకే మళ్లీ ఇంజిన్ దింపాం.

ఈసారి మేస్త్రి షాఫ్ట్‌ను పగుళ్ల పరీక్షకు పంపించాడు. షాఫ్ట్‌ను అయస్కాంతంగా మార్చి, వెలిగే రంగు పూసిన ఇనుప రజను కలిపిన ద్రవం పోసి, యూవీ లైటు కింద తిప్పారు. మూడో కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) పట్టుకునే గుండ్రటి భాగం, అంటే జర్నల్, దాని మూలలో వెంట్రుకంత పచ్చటి గీత వెలిగింది. అక్కడ గుండ్రటి వంపు ఉండాలి. మొదటి షాపువాళ్లు గ్రైండింగ్ రాయి అంచును ఆ వంపుకు తగ్గట్టు దిద్దకుండా కోసేయడంతో పదునైన మూల మిగిలి, ఒత్తిడంతా అక్కడే చేరింది. ఇదే బండిలో పిల్లలతో ఘాట్ దిగానని తలచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

“బాబూ, దీన్ని మర్చిపోండి, వేరే షాఫ్ట్ చూద్దాం” అన్నాడు మేస్త్రి. దొరికిన పాత షాఫ్ట్‌ను వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో వంగిందేమో చూశాడు. ప్రతి జర్నల్‌నూ మైక్రోమీటర్‌తో అడ్డంగా, నిలువుగా కొలిచాడు. అసలు కొలత కంటే 0.25 మిల్లీమీటర్లు తక్కువకు, అంటే ఆ అండర్‌సైజ్‌కు గ్రైండింగ్, ఆపైన పాలిష్, ఆయిల్ హోల్స్ అంచులు నునుపు చేయడం. మన సముద్రపు గాలికి పాలిష్ చేసిన జర్నల్ రెండు రోజుల్లో తుప్పు పడుతుంది కాబట్టి, నూనె రాసి పాలిథిన్ చుట్టి ఇవ్వమని గట్టిగా అడగండి.

బ్యాలెన్సింగ్ మెషీన్ మీద షాఫ్ట్ విడిగా బాగానే తిరిగింది. ఫ్లైవీల్, ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు నొక్కి పట్టే పళ్లెం) బిగించాక రీడింగ్ ఎగిరింది: ఫ్లైవీల్ వైపు 12 గ్రాముల తేడా! కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఆ 12 గ్రాములే నిమిషానికి 4,000 చుట్ల దగ్గర దాదాపు 21 కిలోల బరువంత బలంతో లాగుతాయి. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలు. బరువున్న వైపు డ్రిల్‌తో లోహం తీసి, మళ్లీ తిప్పి, మళ్లీ తీశారు. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది, గ్రైండింగ్‌కు అయినదానికి దాదాపు రెట్టింపు ఖర్చయింది.

ఇప్పుడు 90లోనూ అద్దంలో లారీ ఒక్కటే. ఆయిల్ లైటు మళ్లీ వెలగలేదు. ఒక వేగంలో సన్నటి జుమ్మనే వణుకు మాత్రం ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్ల కదలిక వల్ల వచ్చే ఆ వణుకు క్రాంక్ బ్యాలెన్సింగ్‌తో పోదు, దానికి షాపువాళ్లను తప్పుపట్టకండి.

ప్రెజర్ ప్లేటుకూ ఫ్లైవీల్‌కూ కలిపి కొట్టిన పంచ్ గుర్తు (చిన్న గుంట చుక్క) ముఖ్యం, బ్యాలెన్స్ చేసినప్పుడు ఉన్న స్థానంలోనే రెండూ మళ్లీ బిగించాలి కదా. మొన్న క్లచ్ ప్లేటు మార్చినప్పుడు టార్చి పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఆ రెండు చుక్కలూ కలిసేదాకా కుర్రాడిని బోల్టు బిగించనివ్వలేదు.