గ్వాడల్‌కెనాలా, రబౌలా? యుద్ధ స్మారకాల కోసం వెళ్తే ఏ దీవి మేలు?

సెలవు వారం రోజులే, డబ్బు ఒక్క ప్రయాణానికే సరిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధపు ఆనవాళ్లు చూడాలి, అక్కడి మనుషుల బతుకూ కాస్త చూడాలి. పసిఫిక్‌లో ఎటు పోవాలి? నా లెక్కలో చివరికి మిగిలేవి రెండే: సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్, పపువా న్యూగినీలో న్యూ బ్రిటన్ దీవి కొసన ఉన్న రబౌల్. సైపాన్ పేరు కూడా చాలామంది చెబుతారు. అది అమెరికా భూభాగం కాబట్టి అమెరికాలో ఉన్న మనవాళ్లకు వెళ్లడం సులువు, సౌకర్యాలూ ఎక్కువే. పెద్ద వయసు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు అదే నయం. మిగతావాళ్ల కోసమే ఈ పోలిక.

గ్వాడల్‌కెనాల్ కథ తేలిగ్గా అర్థమవుతుంది. 1942 ఆగస్టు 7న అమెరికా సైన్యం దిగింది, 1943 ఫిబ్రవరి మొదట్లో జపాన్ మిగిలినవాళ్లను రాత్రిపూట ఓడల్లో తీసుకుపోయింది. ఆరు నెలల పోరు ఒక్క ఎయిర్‌స్ట్రిప్ కోసం. ఈ రోజు మీరు సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో విమానం దిగేది ఆ స్ట్రిప్ మీదే. అప్పట్లో దాని పేరు హెండర్సన్ ఫీల్డ్. అంటే దిగగానే యుద్ధభూమిలో ఉన్నట్టే. విమానాశ్రయానికి దక్షిణంగా ఉన్న గుట్ట మీదే 1942 సెప్టెంబరులో రెండు రాత్రులు ప్రాణాలకు తెగించి పోరాడారు. దాన్ని బ్లడీ రిడ్జ్ అంటారు. ఊరి పైన స్కైలైన్ రిడ్జ్ మీద అమెరికా స్మారకం, మౌంట్ ఆస్టిన్ మీద జపాన్ శాంతి స్మారకం ఉన్నాయి. దీవికొచ్చిన ముప్పై వేల పైచిలుకు జపాన్ సైనికుల్లో ఇరవై వేలమందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామందిని చంపింది తూటా కాదు, తిండి లేకపోవడమూ జబ్బులూ. అందుకే జపాన్‌లో దీనికి ఆకలి దీవి అనే పేరు వచ్చింది.

పిల్లలతో వెళ్తే గ్వాడల్‌కెనాల్‌దే పైచేయి. కళ్లకు కనిపించేవి ఎక్కువ. పడమటి రోడ్డు పట్టుకుని వెళ్తే బొనేగి బీచ్‌లో 1942 నవంబరులో దెబ్బతిన్న జపాన్ రవాణా ఓడలు ఒడ్డుకు దగ్గర్లోనే మునిగి ఉన్నాయి. ఈత వస్తే చాలు, నోట్లో స్నార్కెల్ గొట్టం పెట్టుకుని చూడొచ్చు. ఇంకాస్త ముందుకెళ్తే విలు గ్రామంలో చెట్ల కింద ఆరుబయట మ్యూజియం, అందులో యుద్ధ విమానాలు, ఫిరంగులు. మిషనరీల ఊళ్లో చర్చి గంట ఎంత మామూలో, ఇక్కడ పెరట్లో ఫిరంగి గుండు తొడుగు అంత మామూలు. అయితే తుప్పు పట్టిన లోహం ఏది కనిపించినా ముట్టుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. పేలని బాంబులు నేటికీ మనుషుల్ని చంపుతున్నాయి. 2021 మేలో హోనియారాలో పాత గుండు పేలి యువకులు చనిపోయారు.

ఈ దీవిలో నాకు అన్నిటికన్నా విలువైనది మాత్రం ఫిరంగులు కాదు, జేకబ్ వౌజా. దీవికి చెందిన మాజీ పోలీసు. 1942 ఆగస్టులో జపాన్ సైనికులు ఆయన్ని పట్టుకుని, చెట్టుకు కట్టేసి, బయొనెట్లతో పొడిచారు. ఆయన నోరు విప్పలేదు. కట్లు తెంచుకుని, రక్తం ఓడుతూ పాక్కుంటూ వెళ్లి అమెరికన్లను హెచ్చరించాడు. తర్వాత బ్రిటన్ నైట్‌హుడ్ ఇచ్చింది. 2011లో హోనియారాలో స్థానిక స్కౌట్‌ల, తీరం నుంచి శత్రువు కదలికలు గమనించి కబురందించిన కోస్ట్‌వాచర్ల స్మారకం వెలిసింది. దాన్ని వదిలేసి స్కైలైన్ ఒక్కటే చూసి వస్తే సగం కథే విన్నట్టు.

ఇక రబౌల్. అక్కడ దీవిని తిరిగి గెలుచుకునే పెద్ద యుద్ధం జరగలేదు. 1942 జనవరిలో జపాన్ ఆక్రమించింది. మిత్రదేశాలు దాన్ని పక్కన పెట్టి, బాంబులు వేస్తూ ముందుకు పోయాయి. దాదాపు లక్షమంది జపాన్ సైనికులు అక్కడే చిక్కుకుపోయి, 1945 సెప్టెంబరులో లొంగిపోయేదాకా నేలలోకి తవ్వుకుంటూ బతికారు. కరావియా దగ్గర కొండను తొలిచిన సొరంగంలో సామాన్లు మోసే బార్జ్‌లు వరసగా తుప్పు పట్టి ఉన్నాయి. జపాన్ నౌకాదళ నాయకుడు అడ్మిరల్ యమమోటో 1943 ఏప్రిల్ 18న చివరి ప్రయాణానికి విమానమెక్కింది రబౌల్ నుంచే. సముద్రపు ఒడ్డున మాంటెవిడియో మారూ స్మారకం ఉంది. వెయ్యిమందికి పైగా బందీలతో వెళ్తున్న ఆ జపాన్ ఓడను, లోపల తమ వైపువాళ్లే ఉన్నారని తెలియక, అమెరికా జలాంతర్గామి ముంచేసింది. దాని శిథిలం 2023లో గానీ దొరకలేదు.

నన్ను రబౌల్ వైపు లాగేది మాత్రం కొకోపో పట్టణానికి దగ్గర్లోని బీటా పాకా యుద్ధ శ్మశానం. సింగపూర్ పతనమైనప్పుడు జపాన్‌కు చిక్కిన భారత సైనికుల్లో వేలమందిని న్యూగినీ, న్యూ బ్రిటన్ దీవులకు తరలించి కూలి పనులు చేయించారు. అలా చనిపోయిన మనవాళ్లు అక్కడ ఆస్ట్రేలియన్ల పక్కనే ఉన్నారు. వాళ్ల గురించి మన ఇళ్లల్లో మాట్లాడుకోగా నేను వినలేదు. గ్వాడల్‌కెనాల్‌లో మనం వేరేవాళ్ల దుఃఖాన్ని గౌరవించడానికి వెళ్తాం. బీటా పాకాలో పువ్వు పెట్టాల్సిన బాధ్యత మనదే.

స్థానిక జీవనం మాటకొస్తే రెండుచోట్లా మనకు కొత్తగా అనిపించనిది ఒకటుంది: వక్క, సున్నం. తమలపాకు తీగ కాయతో కలిపి నములుతారు, నోరు ఎర్రగా పండుతుంది. రెండుచోట్లా సొంత భాషవాణ్ణి "వాన్‌టాక్" అంటారు, అంటే ఒకే మాట మాట్లాడేవాడని. పరాయి దేశంలో తెలుగువాడు కనిపిస్తే మనకు పొంగే ప్రాణం లాంటిదే అది. హోనియారాలో మలైటా దీవి వాళ్ల గవ్వల డబ్బు, 'అరే'అరే తెగవాళ్ల వెదురు వేణువుల బృందాలు ఉన్నాయి, అవీ గొప్పవే. అయినా రబౌల్ చుట్టుపక్కల తొలాయి జనం సంప్రదాయం ఇంకా రోజువారీ బతుకులోనే ఉంది. చిన్న గవ్వలను బెత్తపు పుల్లలకు గుచ్చి చేసే "తాబు"ను చేతులు చాపి కొలుస్తారు, సరిగ్గా మన బార లెక్క. పెళ్లిలోనూ చావులోనూ అదే చెల్లుతుంది. చనిపోయినవారి తాబును బంధువులకు పంచుతారు. జులైలో జరిగే మాస్క్ పండుగకు వెళ్తే ఆకుల గుత్తి కట్టుకున్న తుబువాన్ ముసుగులు చూడొచ్చు. అవి పవిత్రమైనవి. ఫొటో తీసే ముందు అడగండి.

యుద్ధాన్ని స్థానికులు ఎలా గుర్తుపెట్టుకున్నారో కూడా ఇక్కడే సూటిగా తెలుస్తుంది. జపాన్ వాళ్లు ప్రార్థనలు నిషేధించినా రాకునాయ్ ఊరి పీటర్ తో రోత్ ఆపలేదు. 1945లో చంపేశారు. 2025 అక్టోబరులో ఆయన పపువా న్యూగినీ తొలి సెయింట్ అయ్యాడు. 1994లో తవుర్‌వుర్, వల్కన్ అగ్నిపర్వతాలు పేలి పాత రబౌల్‌లో చాలాభాగం బూడిదలో కూరుకుపోయింది. ఆ బూడిద వీధుల్లో నడుస్తుంటే యుద్ధం ఒక్కటే ఇక్కడివాళ్ల గతం కాదని అర్థమవుతుంది.

ప్రయాణం కష్టం మాత్రం రబౌల్‌కే ఎక్కువ. రాజధాని పోర్ట్ మోర్స్‌బీ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి రబౌల్ దగ్గరి విమానాశ్రయమైన తొకువాకు విమానం పట్టాలి. విమానాలు ఆలస్యమైతే టెన్షన్ తప్పదు, అందుకే తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి. హోనియారాకు బ్రిస్బేన్, ఫిజీలోని నాడి నుంచి కూడా దారి ఉంది. మలేరియా మాత్రలు రెండుచోట్లా అవసరమే, వెళ్లే ముందు డాక్టర్ని అడగండి. గ్రామ భూముల్లో ఉన్న చోట్లకు ఊరివాళ్లు రుసుం అడుగుతారు. బేరం ఆడకండి, ఆ నేల వాళ్లది, ఆ శిథిలాలను కాపాడుతున్నదీ వాళ్లే.

ఆస్ట్రేలియాలో ఉండి నాలుగు రోజులు ఖాళీ ఉంటే గ్వాడల్‌కెనాల్‌కి వెళ్లండి. వారం దొరికితే నా ఓటు రబౌల్‌కే. మొదటి రోజు ఉదయం ఎండ ముదరకముందే బీటా పాకాకు వెళ్లి, భారత సైనికుల పేర్లున్న వరసల దగ్గర ఆగి ఒక్కొక్క పేరూ పైకి చదవండి.