ఫ్యామిలీ లింక్: ఏడో తరగతికి సరే, ఇంటర్‌కు ఎంతవరకు?

పిల్లల ఫోన్‌కు హద్దులు పెట్టే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ 2017లో వచ్చింది. పైసా ఖర్చు లేదు. పెద్దల దగ్గర ఐఫోన్ ఉన్నా నడుస్తుంది, పిల్లల చేతిలో మాత్రం ఆండ్రాయిడ్ ఉండాలి. చిన్న పిల్లలకు బాగా పనికొస్తుంది. ఇంటర్ పిల్లలకు మాట్లాడకుండా పెడితే ఇంట్లో రోజూ లొల్లే.

పిల్లల ఫోన్‌లో సెట్టింగ్స్‌కు పోయి గూగుల్, అందులో పేరెంటల్ కంట్రోల్స్ తెరిచి, పెద్దల జీమెయిల్‌తో కలపాలి. 13 ఏళ్లు దాటిన పిల్లల పాత ఖాతా అయితే వాళ్లే పాస్‌వర్డ్ కొట్టి ఒప్పుకోవాలి. ఇక్కడే చాలామందికి ఆగిపోతుంది: ఎప్పుడో దొంగ పుట్టినతేదీతో తెరిచిన ఖాతా పెద్దవాళ్ల లెక్కలో ఉంటుంది. ముందు అది సరిచేయాలి. ఇది చాటుగా పెట్టే యాప్ కూడా కాదు, పెద్దలకు ఏమేం కనిపిస్తాయో పిల్లల ఫోన్‌లోనే చూపిస్తుంది. మా లెక్కలో అది మంచిదే.

పాలమూరు నుంచి బొంబాయికో పుణెకో పనికి పోయి, పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలిన ఇళ్లకు దీని అసలు ఉపయోగం తెలుస్తుంది. రాత్రి పదికి ఫోన్ లాక్ కావాలంటే అక్కడి నుంచే పెట్టొచ్చు, అవ్వ బతిమాలాల్సిన పని లేదు. లాక్ పడ్డా వచ్చిన కాల్ ఎత్తొచ్చు. అయితే కొత్తగా మార్చిన టైం పిల్లల ఫోన్‌కు నెట్ ఉంటేనే చేరుతుంది. అమ్రాబాద్ వైపు నెట్ సిగ్నల్ అందని ఊళ్లలో పెద్దల యాప్‌లో కనిపించే పేరెంట్ కోడ్‌ను కాల్‌లో చెప్తే, నెట్ లేకున్నా లాక్ తెరుచుకుంటుంది.

లొసుగులు తక్కువేం కాదు. యూట్యూబ్ యాప్‌కు గంట పెడితే మిగతాది క్రోమ్‌లో చూస్తారు, కాబట్టి ఆ సైట్‌ను అక్కడ కూడా ఆపాలి. వెబ్‌సైట్ల వడపోత క్రోమ్‌కే వర్తిస్తుంది. ఫోన్ కంపెనీ ఇచ్చిన వేరే బ్రౌజర్ ఉంటే దాన్ని బ్లాక్ చేయండి. రోజు పరిమితి ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌కే. ఫోన్‌లో రెండు గంటలు, ట్యాబ్‌లో రెండు గంటలు అంటే నాలుగు. కొనుగోలుకు అనుమతి ప్లే స్టోర్ బిల్లుకే అడుగుతుంది, గేమ్ డైమండ్లు బయటి సైట్‌లో యూపీఐతో కొంటే దీనికి తెలియదు. వాట్సాప్‌లో ఎవరితో ఏం మాట్లాడారో అసలే చూపదు.

పెద్ద తలనొప్పి పాఠాలది. ఈఏపీసెట్ క్లాసు, షార్ట్స్ రెండూ యూట్యూబ్‌లోనే. యాప్ టైమర్‌కు తేడా తెలియదు, ఆర్గానిక్ కెమిస్ట్రీ సగంలో ఉండగా లాక్ పడుతుంది. అప్పుడు ఆ యాప్ టైం పెంచొచ్చు, కానీ రోజూ పెంచాల్సి వస్తే ఆ పరిమితే తప్పని అర్థం. క్లాసు గ్రూపు ఉన్న వాట్సాప్‌ను ‘ఎప్పుడూ అనుమతి’లో పెట్టకపోతే లాక్ పడ్డాక హోంవర్క్ మెసేజ్ కూడా అందదు.

పదిహేనేళ్లు దాటిన వాళ్లకు రాత్రి లాక్, కొత్త యాప్‌కు అనుమతి, డబ్బు మాత్రమే పెద్దల చేతిలో ఉంచుకోవడం మేలు. పగటి గంటలు ఏ యాప్‌కు ఎంత అన్నది వాళ్లే రాసిస్తే అదే పెట్టండి, నెల తర్వాత ఇద్దరూ కలిసి వాడకం లెక్క చూసుకోండి. మునుగోడు నుంచి నల్లగొండ కాలేజీకి బస్సులో పోయివచ్చే అమ్మాయికి లొకేషన్ ఆన్ చేస్తే ఆమెకు చెప్పే చేయండి. ఎట్లాగూ ఆమె ఫోన్‌లో తెలిసిపోతుంది. మ్యాప్‌లో ఆమె ఉన్న చోటు చూపే చుక్క కదలకపోతే కంగారు వద్దు, ఫోన్ ఆఫ్ అయినా, నెట్ లేకున్నా పాత చోటే చూపుతుంది.

ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ అయితే దీన్ని పెట్టకండి. లాక్ పడితే అమ్మ ఫోన్‌పే కూడా ఆగుతుంది. అట్లాంటి ఇళ్లకు సెట్టింగ్స్‌లోని యాప్ పిన్నింగ్ (తెరిచిన ఒక్క యాప్ దాటి పోనివ్వనిది) చాలు: పాఠం తెరిచి, పిన్ చేసి, ఫోన్ చేతికివ్వండి. పిన్ తీయాలంటే స్క్రీన్ లాక్ అడిగేలా పెట్టడం మరవొద్దు.