మిద్దె తోటలో బఠాణీకి ఈ బెడ్డు బాగుంది, కిట్ మాత్రం వద్దు

తిరుపతి ఎండల్లో పచ్చి బఠాణీ పండుతుందా అని చాలామంది అడుగుతున్నారు. పండుతుంది, కాకపోతే మనకు దొరికే కాలం చాలా తక్కువ, నవంబర్‌లో విత్తితే జనవరి చివరికల్లా కాయ కోసేయాలి, ఫిబ్రవరిలో ఎండ 30 డిగ్రీలు దాటడం మొదలైతే పూత నిలవదు. మదనపల్లె, పలమనేరు వైపు ఊళ్లు ఎత్తు మీద ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్లకు ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది.

నేను ఆన్‌లైన్‌లో తెప్పించింది 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న హెచ్‌డీపీఈ బెడ్డు, అంటే మట్టి నింపి మొక్కలు పెంచే గట్టి ప్లాస్టిక్ గుడ్డ తొట్టి, మందం 260 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ 260 గ్రాములు తూగుతుంది). కుట్లు గట్టిగా ఉన్నాయి, మట్టి నింపాక ఎక్కడా పిగల్లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది నీళ్లు పోయే తీరు. మనకు పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాల్లో, సరిగ్గా బఠాణీ విత్తే రోజుల్లోనే, 2021 నవంబర్‌లో ఊళ్లో వీధులన్నీ ఎలా మునిగాయో అందరికీ గుర్తే. నేల మీద మడి కట్టి వేస్తే రెండు రోజులు నీళ్లు నిలిచినా చాలు, విత్తనం మొలకెత్తకుండానే కుళ్లిపోతుంది. ఈ బెడ్డుకి కింది అంచున చుట్టూ రంధ్రాలున్నాయి, జోరు వాన పడిన మర్నాడు కూడా మట్టి బురదలా లేదు. మన ఊళ్లో బఠాణీకి బెడ్డు కొనాలంటే ఈ ఒక్క కారణం చాలు.

అమ్మేవాళ్లు చెప్పని విషయం బరువు. ఈ కొలతకి 220 లీటర్లకు పైగా మట్టి పడుతుంది, అంతా ఎర్రమట్టే నింపి తడిపితే 300 కిలోలు సులువుగా దాటుతుంది, దాన్ని మిద్దె నడిమధ్యలో పెట్టకండి, కింద గోడో దూలమో ఉన్నచోట పెట్టండి, అది ఎక్కడుందో తెలియకపోతే ఇల్లు కట్టిన మేస్త్రీని అడగండి. నేను సగం కొబ్బరి పొట్టు, మిగతా సగంలో ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపాను. ఇంకో లోపం, పక్కల్లో పైపులు దూర్చే జేబులున్నాయి కానీ పైపులు ఇవ్వరు, అవి లేకపోతే పొడుగు వైపు గోడలు పొట్టలా ఉబ్బుతాయి. ప్లంబింగ్ షాపులో పీవీసీ ముక్కలు కోయించుకుంటే సరిపోతుంది.

ఇక బెడ్డుతో పాటు అంటగట్టిన కిట్ సంగతి. విత్తనాల ప్యాకెట్ మీద రకం పేరు లేదు, పరీక్ష చేసిన తేదీ లేదు, మొలకశాతం అసలే లేదు, అందులో సగం కూడా మొలవలేదు. మూడు నెలల కాలమే ఉన్న పంటకి ఇలాంటి విత్తనం ఇవ్వడం అన్యాయం, మళ్లీ విత్తేలోపు చలి అయిపోతుంది. పేరున్న రకాలే అడిగి కొనండి. ఆర్కెల్ అయితే రెండు నెలల్లోపే కాయ కోతకొస్తుంది, మొక్క పొట్టి, మనకు సరిపోతుంది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క అజిత్ బూడిద తెగులునీ తుప్పు తెగులునీ తట్టుకుంటుంది కానీ ఆలస్యంగా కాస్తుంది, అది మదనపల్లె వైపు వాళ్లకు మేలు. కిట్‌లో ఇచ్చిన నత్రజని మందు కూడా బఠాణీకి అక్కర్లేదు, అది వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుందే తప్ప కాయ పెరగదు. దాని బదులు రైజోబియం కల్చర్, అంటే గాలిలోని నత్రజనిని బఠాణీ వేళ్లకు అందించే బ్యాక్టీరియా ఉన్న పొడి తెచ్చి, చల్లారిన బెల్లం పాకంలో కలిపి విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టి వేయండి. కొబ్బరి పొట్టులో ఆ బ్యాక్టీరియా ఉండదు కాబట్టి కొత్త బెడ్డుకి ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

అంగుళం లోతులో, రెండు మూడు అంగుళాల ఎడంతో విత్తుకుంటే చాలు. పాకడానికి కందికంప గుచ్చండి, ప్లాస్టిక్ వల కంటే నులితీగలు దానికే బాగా చుట్టుకుంటాయి. అలిపిరి, కపిలతీర్థం దగ్గర ఉండేవాళ్లు మాత్రం కోతులకి అందకుండా పైన గట్టి వల వేయాల్సిందే, కాయ పాలుపోసుకునే రోజుల్లో ఒక్క పూట ఏమరినా మిగలదు.

దిగుబడి గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కిలో కాయ ఒలిస్తే గింజలు అరకిలో వస్తే గొప్ప, ఒక్క బెడ్డుతో ఇంటిల్లిపాదికీ కుర్మాకి నాలుగైదు సార్లు వస్తాయేమో అంతే. కానీ అప్పుడే కోసి ఒలిచిన గింజ తీపి ఫ్రిజ్ ప్యాకెట్లో దొరకదు, కోసి పెట్టిన కొద్దీ అందులోని చక్కెర పిండిగా మారిపోతుంది.

బెడ్డు ఒక్కటే విడిగా అమ్ముతున్నారు, అదే ఆర్డర్ పెట్టండి. కోత అయ్యాక మొక్కల్ని పీకకుండా మొదట్లో కోసేసి వేళ్లు మట్టిలోనే వదిలేస్తే, వేసవికి అందులోనే బెండ, తోటకూర వేసుకోవచ్చు.