5 కెవిఏ అని నమ్మించి అంటగట్టిన జనరేటరు: అనంతపురం కొనుగోలుదారులకు ఒక హెచ్చరిక

అనంతపురంలో ఇంటికి పెట్రోలు జనరేటరు కొనదలచినవారు, ముఖ్యంగా బోరు మోటారు కోసమే కొంటున్నవారు, దుకాణంలో డబ్బు కట్టే ముందు దీన్ని ఒకసారి చదవవలసిందిగా మనవి. మొన్నటి వేసవిలో నేను కొన్న యంత్రం నెల తిరగకముందే నా మోటారును కాల్చివేసింది. అందులో దుకాణదారు తప్పు ఎంత ఉందో, నా తొందరపాటూ దాదాపు అంతే ఉంది.

లైట్లకు, ఫ్యాన్లకు మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. ఆ మాత్రం అవసరమే ఉన్నవారికి అసలు జనరేటరుతో పని లేదు. మా ఇబ్బంది అంతా నీళ్లది. 250 అడుగుల లోతున దించిన 1.5 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు మాది. ఎండాకాలపు ఈదురుగాలికి ఎక్కడో తీగ తెగిందంటే పూట గడిచినా కరెంటు రాదు, ఈలోగా ట్యాంకు అడుగంటుతుంది. ఈ సంగతంతా వివరంగా చెప్పి అడిగితే, పట్టణంలోని ఒక దుకాణంలో "5 కెవిఏ తీసుకోండి సార్, మోటారూ ఫ్రిజ్జూ అన్నీ ఒకేసారి లాగుతుంది" అన్నారు. కెవిఏ అంటే జనరేటరు ఎంత భారం మోయగలదో చెప్పే కొలత. యంత్రం మీద కూడా పెద్ద అక్షరాలతో 5 అనే అంటించి ఉంది.

వెనుకవైపు, చేతికి మసి అంటే చోట ఉన్న చిన్న నేమ్ ప్లేటును మోటారు కాలిన తర్వాతగాని నేను చదవలేదు. అందులో మ్యాక్స్ 5 కెవిఏ, రేటెడ్ 4.2 కెవిఏ అని ఉంది. మ్యాక్స్ అంటే యంత్రం కొద్దిసేపు మాత్రమే ఓర్చుకోగల గరిష్ఠ భారం. గంటల తరబడి ఇవ్వగలిగేది రేటెడ్ అంకె మాత్రమే. కెవిఏ, కిలోవాట్లు ఒకటి కావు కాబట్టి, పవర్ ఫ్యాక్టరు, అంటే కెవిఏలో నిజంగా పనికొచ్చే వాటా, 0.8 గా లెక్కిస్తే ఆ 4.2 కాస్తా సుమారు 3.4 కిలోవాట్లవుతుంది. మన ఊరి మే నెల ఎండలో ఇంజను శక్తి ఇంకొంత తగ్గుతుంది.

అయినా 1.5 హెచ్‌పీ అంటే 1.1 కిలోవాట్లే కదా, 3.4 చాలదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. నడిచేటప్పుడు 10 ఆంపియర్ల వరకూ తీసుకునే ఇలాంటి మోటారు, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి మూడు నుంచి ఐదు రెట్లు లాగుతుంది. 30 ఆంపియర్లే అనుకున్నా 230 వోల్టుల దగ్గర అది దాదాపు 7 కెవిఏ. ఆ దెబ్బకు జనరేటరు గొంతు పూడుకుపోయినట్టు మూలిగింది, స్టార్టరు పెట్టెలో వోల్టు మీటరు 160 కి పడిపోయింది, ఆంపియర్ మీటరు ముల్లు కొసకంటా వెళ్లి అక్కడే నిలిచిపోయింది. ఓవర్‌లోడ్ ట్రిప్ రెండుసార్లు కొట్టింది. దుకాణానికి ఫోన్ చేస్తే "కొత్త యంత్రం కదా సార్, మళ్లీ నొక్కండి" అన్నారు, నేను మళ్లీ నొక్కాను. వోల్టేజి చాలక తిరగలేని మోటారులోకి కరెంటు అలా పారుతూ ఉంటే వైండింగు (లోపలి తీగ చుట్టలు) కాలిపోక మరేమవుతుంది? 250 అడుగుల పైపులను బయటికి లాగించి, వైండింగు కట్టించి, తిరిగి దించేసరికి జనరేటరు ధరలో సగం అదనంగా ఖర్చయింది.

అందుచేత మోటారు కోసం కొనేవారు, యంత్రాన్ని ఇంటికి తెప్పించి, మీ మోటారునే కనీసం మూడుసార్లు స్టార్ట్ చేసి, ఆ సమయంలో వోల్టు మీటరు ఎక్కడికి పడుతుందో కళ్లారా చూసిన తర్వాతే మిగతా డబ్బు ఇస్తామని ముందుగానే షరతు పెట్టండి. దుకాణంలో వంద వాట్ల బల్బు వెలిగించి చూపడం పరీక్ష కాదు. ఆల్టర్నేటరు (జనరేటరులో కరెంటు పుట్టించే భాగం) వైండింగు రాగిదా, అల్యూమినియందా అని అడిగి, ఆ సమాధానాన్ని బిల్లు మీదే రాయించుకోండి.

బిల్లు విషయంలో నా తెలివితక్కువతనం దాచుకోను. జీఎస్టీ లేకుండా అయితే తగ్గిస్తామంటే ఒప్పుకొని, సీరియల్ నంబరైనా లేని కచ్చా చీటీతో తెచ్చుకున్నాను. వారంటీ అడిగినప్పుడు ఆ చీటీ చెల్లదన్నారు. సర్వీసు కావాలంటే బెంగళూరుకు పంపుకోవాలన్నారు.

డబ్బుకన్నా పెద్ద ప్రమాదం మరొకటి తప్పింది. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని వీధి లైనుకో జనరేటరుకో ఒక్కదానికే కలిపేది) దండగని, రెండు కొసలా పిన్నులున్న తీగతో జనరేటరును గోడ సాకెట్టుకు కలిపాడు. మెయిన్ ఆపడం ఒక్కసారి మరచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధి లైనులోకి వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని వెనక్కి 11 వేల వోల్టులకు పెంచుతుంది. కరెంటు లేదన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. పక్కింటి ఎలక్ట్రీషియన్ చూసి కోప్పడి తీయించాడు. ఫేజు, న్యూట్రల్ రెండూ విడగొట్టే ఛేంజోవర్ లేకుండా ఎవరినీ బిగించనివ్వకండి. వాన పడుతుందని యంత్రాన్ని వసారాలోనో మెట్ల కిందనో పెట్టమన్నా వినకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, కిటికీలోంచి లోపలికి చేరినా తెలియదు.

జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం రెండేళ్ల లోపు వేయవచ్చు, 5 లక్షల వరకు విలువైన కొనుగోళ్లకు రుసుము లేదు. కచ్చా చీటీ ఒక్కటే ఉంటే కష్టమయ్యేది గాని, ఫోన్‌పేలో చెల్లించిన వివరాలు, "5 కెవిఏ, మోటారు గ్యారంటీగా లాగుతుంది" అని వాళ్లే పంపిన వాట్సాప్ సందేశం, మోటారు మెకానిక్ రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉన్నాయి. నిన్న సాయంత్రం అటుగా వెళ్తే అదే రకం యంత్రం దుకాణం ముందు, అదే 5 అంకెతో, నేమ్ ప్లేటు గోడవైపు తిప్పి నిలబెట్టి ఉంది.